కాడికి రెండు ఇంజన్లు



ఫ్లోరిడా మీద నాలుగు వేల అడుగుల ఎత్తు. పైపర్ సెమినోల్ అనే నాలుగు సీట్ల చిన్న విమానం. ఎడమ సీట్లో శిక్షణకు వచ్చిన కుర్రాడు, కుడి సీట్లో బోధకుడు. ఇద్దరి మధ్య ఆరు పిడులు వరసగా నిలబడి ఉంటాయి. రెండు నల్లవి, రెండు నీలివి, రెండు ఎర్రవి. నల్లవి ఇంజను శక్తికి, నీలివి ప్రొపెల్లర్ రెక్కల కోణానికి, ఎర్రవి పెట్రోలూ గాలీ కలిసే పాళ్లకు. బోధకుడు చెక్‌లిస్టు అట్టను పిడులకు అడ్డం పెట్టి, దాని చాటు నుంచి ఒక ఎర్ర పిడిని వెనక్కి లాగేస్తాడు.

విమానం ముక్కు ఎడమకు జారుతుంది. కుర్రాడి కుడికాలు రడ్డర్ పెడల్‌ను బలంగా తొక్కుతుంది. ముక్కు నిలుస్తుంది. ఇప్పుడు ఏ ఇంజను ఆగిందో తెలుసుకోవడానికి మీటర్లు వెతకనక్కర్లేదు. ఏ కాలికి పనిలేదో ఆ వైపు ఇంజనే ఆగింది. ‘పనిలేని కాలు, ప్రాణంలేని ఇంజను’ అని కుర్రాడు పైకే అనుకుంటాడు. ప్రపంచంలో ఎక్కడ నేర్చుకున్నా రెండు ఇంజన్ల పాఠంలో ఇదే ఓనమాలు. పైలట్ కావాలని అమెరికా వెళ్లిన తెలుగు పిల్లలు కొందరు ఈ ఓనమాలు దిద్దేది సెమినోల్‌లోనే.

జోడెడ్ల బండి తోలినవాళ్లకు ఈ పాఠం సగం తెలిసినట్టే. దారిలో దాపటి ఎద్దు కూలబడితే బండి సగం వేగంతో ముందుకు పోదు. వలపటి ఎద్దు లాగే కొద్దీ కాడి అడ్డం తిరిగి, బండి ఎడమకు మళ్లుతుంది. రెక్కకో ఇంజను చొప్పున ఉన్న విమానం కూడా అంతే. బండి అయితే పక్కకాల్వలో ఆగుతుంది. విమానానికి ఆ వెసులుబాటు లేదు.

రెండు ఇంజన్లుంటే ఒకటి ఆగినా రెండోది ఇంటికి చేరుస్తుందని చాలామంది నమ్మకం. పెద్ద జెట్ విమానాల విషయంలో అది నిజమే. రన్‌వే మీద ఒక నిర్ణీత వేగం దాటాక ఒక ఇంజను పోయినా అవి పైకి లేచి, ఎక్కి, తిరిగి దిగగలగాలని నిబంధన ఉంది. పెట్రోలు పిస్టన్ ఇంజన్లు రెండు బిగించుకున్న నాలుగు, ఆరు సీట్ల విమానాలకు అంత భరోసా ఎవరూ ఇవ్వలేదు. అమెరికాలో దశాబ్దాల పాటు అమల్లో ఉన్న నిబంధన చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బరువు 6,000 పౌండ్లు, అంటే దాదాపు 2,720 కిలోలు మించకుండా, దిగేటప్పటి స్టాల్ వేగం, అంటే రెక్క గాలి పట్టు తప్పే వేగం, గంటకు 113 కిలోమీటర్లు దాటకుండా ఉంటే చాలు. ఆ విమానం ఒక్క ఇంజనుతో పైకి ఎక్కి తీరాలన్న షరతే లేదు. ఎక్కుతుందా, దిగుతుందా అన్నది కొలిచి పుస్తకంలో రాస్తే సరిపోయేది.

ఎందుకలా? సెమినోల్ అంకెలే చూద్దాం. ఒక్కో ఇంజను 180 హార్స్‌పవర్. సముద్రమట్టం దగ్గర రెండూ పనిచేస్తే విమానం నిమిషానికి సుమారు 1,300 అడుగులు ఎక్కుతుంది. ఒకటి ఆగితే? సగం, అంటే 650 అనుకుంటారు. నిజానికి 200 అడుగుల పైచిలుకు మాత్రమే. సగం శక్తి పోతే, ఎక్కే సత్తాలో నూటికి ఎనభై పాళ్లకు పైగా పోయింది.

ఈ లెక్క విచిత్రంగా అనిపిస్తే ఇంటి లెక్క వేసుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ చెరో 30 వేలు తెస్తారు. ఇంటి ఖర్చు 27 వేలు. నెలకు 33 వేలు మిగులు. ఒకరి ఉద్యోగం పోయింది. ఆదాయం సగమే తగ్గింది, మిగులు మాత్రం 33 వేల నుంచి 3 వేలకు పడిపోయింది. విమానం గాలిలో నిలబడి ముందుకు సాగడానికి అయ్యే శక్తి ఇంటి ఖర్చు లాంటిది. అది తీరాక మిగిలిన శక్తితోనే విమానం పైకి ఎక్కుతుంది. ఆగిన ఇంజను ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూ విమానాన్ని వెనక్కి పట్టి లాగుతుంటే, ఉద్యోగం పోయిన ఇంట్లో ఆస్పత్రి బిల్లు కూడా వచ్చిపడ్డట్టే.

ఇప్పుడు ఆ సెమినోల్‌ను ఊహలో హైదరాబాద్ తీసుకొద్దాం. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మే నెల, మిట్టమధ్యాహ్నం, ఎండ 40 డిగ్రీలు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కూ రెక్కకూ పట్టు తగ్గుతుంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలు. అంతకు మించిన ప్రతి డిగ్రీకీ 120 అడుగులు కలుపుకోమంటుంది పైలట్ల లెక్క. కలిపితే 5,100 అడుగులు దాటుతుంది. అంటే చక్రాలు ఇంకా బేగంపేట నేల మీదే ఉన్నా, విమానానికి మాత్రం ఐదు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టే. పూర్తి బరువుతో ఉన్న సెమినోల్ ఒక్క ఇంజనుతో నిమిషానికి కనీసం 50 అడుగులైనా ఎక్కగలిగే హద్దు సుమారు 4,000 అడుగులు. ఆ మధ్యాహ్నం రన్‌వే చివర ఒక ఇంజను ఆగితే రెండోది విమానాన్ని పైకి తీసుకెళ్లదు. కిందికి దిగే వేగాన్ని కాస్త తగ్గిస్తుంది, అంతే. తెల్లవారుజామున, ఇద్దరే మనుషులతో, సగం పెట్రోలుతో బయల్దేరితే కథ వేరేగా ఉంటుంది.

అందుకే జాగ్రత్తపరుడైన పైలట్ రన్‌వే ఎక్కే ముందే మూడు మాటలు పైకి చెప్పుకుంటాడు. చక్రాలు నేల మీద ఉండగా ఇంజను ఆగితే, రెండు నల్ల పిడులూ వెనక్కి లాగి బ్రేకు. గాలిలోకి లేచినా ముందు రన్‌వే మిగిలి ఉంటే, మళ్లీ దించేయడం. రన్‌వే అయిపోయి చక్రాలు లోపలికి ముడిచేశాక ఆగితే, నీలిగీత వేగం పట్టుకుని పోరాటం.

నీలిగీత అంటే వేగం చూపే మీటరు మీద గీసిన నీలం గీత. ఒక్క ఇంజనుతో అన్నిటికన్నా బాగా ఎక్కగలిగే వేగం అది. సెమినోల్‌కు 88 నాట్స్, అంటే గంటకు 163 కిలోమీటర్లు. దానికి చాలా కింద 56 నాట్స్ దగ్గర ఒక ఎర్రగీత ఉంటుంది. ఆ వేగం కన్నా తగ్గితే, ఒక ఇంజను పూర్తి శక్తితో లాగుతుండగా రడ్డర్‌ను చివరి దాకా తొక్కినా ముక్కును నిలపలేం. విమానం ఆగిన ఇంజను వైపు తిరిగి, ఒరిగి, బోర్లా పడబోతుంది. ఆ క్షణంలో కాపాడేది, చేతికి ఇష్టంలేని పని: బతికున్న ఇంజను శక్తిని తగ్గించి, ముక్కును కిందికి దించడం. కాడి అడ్డం తిరుగుతుంటే వలపటి ఎద్దును నిలేసినట్టు.

ఈ ఎర్రగీత పాఠాన్ని 1960లలో ట్విన్ కమాంచి పైలట్లు కష్టంగా నేర్చుకున్నారు. పైపర్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ విమానం సన్నగా, చురుగ్గా ఉండేది. 160 హార్స్‌పవర్ ఇంజన్లు రెండింటితో ఎక్కువ దూరం పోయేది. మ్యాక్స్ కాన్రాడ్ అనే పైలట్ 1964 డిసెంబరులో అదనపు పెట్రోలు ట్యాంకులు నింపుకుని కేప్‌టౌన్ నుంచి ఫ్లోరిడాకు ఎక్కడా దిగకుండా వచ్చాడు. దూరం 7,800 మైళ్లకు పైనే, పట్టిన కాలం 56 గంటలు. అదే విమానం శిక్షణలో మాత్రం వరసగా ప్రమాదాలకు గురైంది. ఒక ఇంజను తగ్గించి, ఎర్రగీత వేగం దాకా దిగి చూపించే పాఠమే అందుకు కారణం. ఎత్తుకు పోయే కొద్దీ ఇంజను శక్తి తగ్గుతుంది కాబట్టి ముక్కు అదుపు తప్పే వేగం కూడా తగ్గుతుంది. రెక్క గాలి పట్టు తప్పే వేగం మాత్రం మీటరు మీద మారదు. రెండూ ఒకచోట కలిశాయంటే విమానం ఒక్కసారిగా గింగిరాలు తిరుగుతూ స్పిన్‌లో పడుతుంది. ఆ తర్వాత ఎర్రగీతను గంటకు 80 మైళ్ల నుంచి 90కి జరిపారు. 1970లో వచ్చిన తర్వాతి రకంలో ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరిగేలా పెట్టారు.

ఎదురెదురుగా తిరగడం వల్ల లాభమేమిటి? మామూలుగా అమెరికన్ ఇంజన్లు రెండూ, పైలట్ సీటు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. ముక్కు ఎత్తి ఎక్కేటప్పుడు, కిందికి దిగే ప్రొపెల్లర్ రెక్క గాలిని ఎక్కువగా కోస్తుంది. అంటే లాగుడు ప్రొపెల్లర్ కుడి సగంలో ఎక్కువ. దాంతో వలపటి ఇంజను లాగుడు విమానం నడిమధ్య నుంచి దూరంగా, దాపటి ఇంజను లాగుడు దగ్గరగా పడుతుంది. దాపటిది ఆగితే మిగిలిన వలపటిది దూరం నుంచి లాగుతూ విమానాన్ని మరింత బలంగా తిప్పుతుంది. అందుకే దాపటి ఇంజనుకు కీలకమైన ఇంజను అని పేరు. సెనెకా, సెమినోల్ విమానాల్లో కుడి ప్రొపెల్లర్‌ను వ్యతిరేక దిశలో తిప్పి ఈ తేడాను తీసేశారు. ఏది ఆగినా కష్టం ఒక్కటే.

అసలు కాడే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. 1960లలో సెస్నా కంపెనీ స్కైమాస్టర్ అనే విమానంలో ఒక ఇంజనును ముక్కున, రెండోదాన్ని సీట్ల వెనక పెట్టింది. ముందుది లాగుతుంది, వెనకది తోస్తుంది. ఏది ఆగినా ముక్కు పక్కకు తిరగదు. సమస్య తీరింది కదా అనుకుంటే, కొత్తది మొలిచింది. వెనక ఇంజను కంటికి కనబడదు. నేల మీద నిదానంగా నడుపుతుండగా అది ఆగిపోయినా తెలియక, ముందు ఇంజనుతోనే పరుగు మొదలుపెట్టిన పైలట్లున్నారు. చివరికి ఒక్క ఇంజనుతో టేకాఫ్ మొదలుపెట్టవద్దని కాక్‌పిట్‌లో పలక బిగించాల్సి వచ్చింది. విమానాల రూపకర్త బర్ట్ రూటన్ మరో దారి పట్టాడు. 1996లో ఎగిరిన ఆయన బూమరాంగ్ విమానంలో ఒక ఇంజను మనుషులు కూర్చునే పెద్ద ఒడలికి ముందు, రెండోది పక్కనున్న సన్నటి ఒడలికి ముందు ఉంటాయి. చూపుకు వంకరటింకర. లాగుడు గీతలు రెండూ దగ్గర దగ్గరగా ఉండటంతో ఒకటి ఆగినా నడపడం తేలిక. అలాంటిది ఆయన ఒక్కటే కట్టాడు.

మళ్లీ ఫ్లోరిడా ఆకాశంలోకి. కుర్రాడు ఆగిన ఇంజను ఏదో గుర్తించాడు. దాన్ని రూఢి చేసుకోవడానికి ఎడమ నల్ల పిడిని మెల్లగా వెనక్కి తెస్తాడు. శబ్దంలో మార్పు లేదు, కాలి మీద బరువులో మార్పు లేదు. ఆగింది ఇదే. తొందరపడి బతికున్న ఇంజనును ఆపేసినవాళ్ల కథలు ప్రమాద నివేదికల్లో ఉన్నాయి. అందుకే ఈ రెండో చూపు. తర్వాత ఎడమ నీలి పిడి చివరిదాకా వెనక్కి. ప్రొపెల్లర్ రెక్కలు గాలికి పలకగా నిలిచినవి కత్తి అంచులా మళ్లుతాయి. ఫెదర్ చేయడమంటే అదే. పని ఆలస్యమైతే చిక్కుంది. నిమిషానికి సుమారు 950 చుట్లకన్నా వేగం తగ్గిపోయిందంటే లోపలి పిన్నులు పడి, రెక్కలు ఫెదర్ దాకా పోవు. నేల మీద ఇంజను ఆపిన ప్రతిసారీ రెక్కలు మళ్లిపోకుండా పెట్టిన ఏర్పాటది. ఆకాశంలో మాత్రం గడువు పెడుతుంది.

రెండు ఇంజన్లంటే రెండు వేరువేరు ప్రాణాలని అనుకుంటాం. జర్మనీలోని స్పైయర్‌లో 2007 మార్చిలో జరిగినది దానికి ఎదురు సాక్ష్యం. డైమండ్ డీఏ42 అనే ఆధునిక విమానం, కంప్యూటర్లు నడిపే డీజిల్ ఇంజన్లు. బ్యాటరీ నీరసించి ఉంది. రెండు ఇంజన్లనూ బయటి కరెంటుతో స్టార్టు చేసి బయల్దేరారు. నేల విడిచాక చక్రాలు ముడిచే మీట నొక్కారు. చక్రాల మోటారు ఒక్కసారిగా కరెంటు లాగింది. వోల్టేజీ కిందికి జారింది. ఇంజన్లను నడిపే కంప్యూటర్లు ఆ క్షణం కళ్లు మూసుకున్నాయి. రెండు ఇంజన్లూ ఒకేసారి ఆగి, ప్రొపెల్లర్లు వాటంతటవే ఫెదర్‌లోకి పోయాయి. విమానం నేలకు తగిలి దెబ్బతింది, లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాత ఇంజను కంప్యూటర్లకు విడిగా చిన్న బ్యాటరీలు పెట్టించారు. పాత విమానాల్లో రెండు ఇంజన్లనూ ఒకేసారి ఆపే పని పెట్రోలు చేస్తుంది. ట్యాంకులు ఎండితే ఇంజన్లు రెండైనా నాలుగైనా ఒకటే.

ఇక ట్విన్‌ను, అంటే రెండు ఇంజన్ల చిన్న విమానాన్ని, కొని ఇంటిదాన్ని చేసుకోవడం సంగతి. 1960, 70లలో తయారైన ట్విన్లు అమెరికా పాత విమానాల బజారులో ఒక్కోసారి ఆశపెట్టే ధరకు దొరుకుతాయి. కొనేవాడు చూడాల్సింది ఆ అంకె కాదు. విమానం పాతదైనా మరమ్మతు బిల్లు ఈనాటి ధరల్లోనే వస్తుంది. అదీ చాలావరకు రెండింతలు. సెమినోల్‌లో ఉండే లైకమింగ్ ఇంజనుకు 2,000 గంటలకో, 12 ఏళ్లకో, ఏది ముందైతే అప్పుడు ఓవర్‌హాల్ చేయమంటుంది కంపెనీ. ఏడాదికి 100 గంటలు ఎగిరే యజమానికి 2,000 గంటలు నిండాలంటే 20 ఏళ్లు. కానీ 12 ఏళ్లకే, 1,200 గంటల దగ్గరే గడువు వచ్చేస్తుంది. వాడకపోతే మిగులుతుందనుకోవడమూ భ్రమే. ఆ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. వారాల తరబడి కదలకుండా పడి ఉంటే నూనె కిందికి కారిపోయి, క్యామ్ మీద తుప్పు చేరుతుంది. మూలన కూర్చోబెట్టిన ఎద్దుకు కాళ్లు పట్టేసినట్టు.

కంటికి కనబడని ఖర్చులు మరికొన్ని. ఒంటి ఇంజను విమానంలో చలికాలం లోపల వెచ్చదనం సైలెన్సర్ చుట్టూ తిరిగిన గాలి నుంచి ఊరకే వస్తుంది. ట్విన్ ముక్కులో ఇంజను లేదు. అందుకని చాలా ట్విన్లలో పెట్రోలుతో మండే చిన్న పొయ్యి లాంటి హీటరు పెడతారు. దానికీ వేరే గంటల లెక్క, వేరే లీకేజి పరీక్ష. ప్రొపెల్లర్లు రెండు, వాటి గవర్నర్లు రెండు, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు నాలుగు. ముడిచే చక్రాలకు హైడ్రాలిక్ పంపు. కొత్తగా రెండు ఇంజన్లు నేర్చిన యజమానికి బీమా ఇచ్చేవాళ్లు మొదట అడిగేది, ట్విన్‌లో ఎన్ని గంటలు ఎగిరావని.

పెట్రోలు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఒంటి ఇంజను సెస్నా 172 గంటకు ముప్ఫై లీటర్ల పైచిలుకు తాగి 120 నాట్స్ వేగంతో పోతుంది. సెమినోల్ దానికి రెట్టింపు తాగి సుమారు 150 నాట్స్‌తో పోతుంది. పెట్రోలు రెండింతలు, వేగం పావువంతు ఎక్కువ. ఆ పెట్రోలు కూడా బంకుల్లో దొరికేది కాదు. నీలంరంగు కలిపిన 100 ఎల్‌ఎల్ అనే ఏవియేషన్ గ్యాసోలిన్, కొద్దిగా సీసం ఉన్నది. మన దేశంలో దాన్ని చాలాకాలం విదేశాల నుంచి తెప్పించుకునేవారు. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారైన దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

ఈ పెట్రోలు బాధే డీజిల్ ట్విన్లకు దారి తీసింది. డీఏ42 జెట్ విమానాల ఇంధనంతోనే నడుస్తుంది. అది ఏ పెద్ద విమానాశ్రయంలోనైనా దొరుకుతుంది. 2004 ఆగస్టులో ఈ విమానం కెనడాలోని సెయింట్ జాన్స్ నుంచి పోర్చుగల్‌లోని పోర్టో దాకా అట్లాంటిక్‌ను ఆగకుండా పన్నెండున్నర గంటల్లో దాటింది. సగటున గంటకు 22 లీటర్ల ఇంధనం. మొదటి యజమానులు మురిసిపోయారు. నాలుగేళ్లకు, 2008లో, ఇంజన్లు తయారుచేసే థీలెర్ట్ కంపెనీ దివాలా తీసింది. గ్యారంటీలు గాలికి పోయాయి. విడిభాగాల ధరలు పెరిగాయి. బంగారం లాంటి విమానాలు హ్యాంగర్లలో కూర్చున్నాయి. డైమండ్ సొంతంగా ఆస్ట్రో ఇంజన్ అనే సంస్థను నిలబెట్టి, 2009 నాటికి 168 హార్స్‌పవర్ కొత్త డీజిల్ ఇంజన్లు తెచ్చాక విమానం మళ్లీ నిలదొక్కుకుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వ పైలట్ శిక్షణ సంస్థలో మన పిల్లలు ట్విన్ నేర్చుకునేది దీనిమీదే. ఇటలీ వారి టెక్నమ్ పీ2006టీ మరో దారి చూపింది. 100 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజన్లు రెండు. మామూలు కారు పెట్రోలు కూడా వాటికి సరిపడుతుంది.

ఇంత ఖర్చు, ఇంత క్రమశిక్షణ పెట్టి రెండో ఇంజను ఎందుకంటే, కింద నేల లేని చోట్ల దాని విలువ తెలుస్తుంది. స్కాట్లండ్ ఉత్తరాన వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవులున్నాయి. మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలో అతి చిన్న విమాన సర్వీసు అదే. టైంటేబుల్లో రెండు నిమిషాలు, గాలి కలిసొస్తే ఒక నిమిషం లోపే. బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ అనే చిన్న ట్విన్ 1967 నుంచి ఆ అలల మీదుగా జనాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. అమెరికా తూర్పు తీరంలో కేప్ ఎయిర్ సంస్థ తొమ్మిది మంది పట్టే సెస్నా 402లతో నాన్‌టకెట్ లాంటి దీవులకు దశాబ్దాల పాటు సర్వీసులు నడిపింది. అక్కడ తీరం చేరడానికి కావాల్సింది కొండెక్కే శక్తి కాదు. చేతిలో ఉన్న ఎత్తును మెల్లగా కరిగించుకుంటూ ఇరవై మైళ్లు సాగనిచ్చే శక్తి. అది ఒక్క ఇంజను ఇవ్వగలదు. రాత్రిపూట, మబ్బుల్లో ఎగిరేవాళ్లకు రెండో ఆల్టర్నేటర్ కూడా అంతే ఊరట.

ఫ్లోరిడాలో పాఠం అయిపోవస్తోంది. ఎడమ కిటికీ అవతల ప్రొపెల్లర్ కదలకుండా నిలబడి ఉంది. రెండు రెక్కల అంచుల మీద పురుగులు తగిలిన మరకలు కూడా లెక్కపెట్టొచ్చు. బోధకుడు తలూపుతాడు. ఎర్ర పిడి ముందుకు, నీలి పిడి ముందుకు, స్టార్టరు. రెక్కలు ఒక చుట్టు బద్ధకంగా తిరిగి, దగ్గి, మసకగా కలిసిపోతాయి. గాలికి చల్లబడ్డ సిలిండర్లు వేడెక్కేదాకా కుర్రాడు నల్ల పిడిని కొంచెం కొంచెంగానే ముందుకు జరుపుతాడు. అరగంట తర్వాత నేల మీద, సెమినోల్‌కున్న ఒకే ఒక్క తలుపులోంచి కుడి రెక్క మీదికి దిగుతూ ఒక క్షణం ఆగి, తలుపు అంచు పట్టుకుంటాడు. కుడికాలు ఇంకా వణుకుతోంది.